పలావులో స్కూబా డైవింగ్ పర్యాటకం

పలావు పశ్చిమ పసిఫిక్ మహాసముద్రంలో, ఫిలిప్పీన్స్ దీవులకు తూర్పున ఉన్న ఒక చిన్న ద్వీపదేశం. స్థానికులు తమ దేశాన్ని బెలావ్ అంటారు. (వంటకమైన పులావుకూ ఈ పేరుకూ ఏ సంబంధమూ లేదు.) దీవులు మూడు వందలకు పైగా ఉన్నప్పటికీ వాటిలో జనావాసం కలవి కొన్ని మాత్రమే. దేశం మొత్తం జనాభా సుమారు 18,000, అనగా తెలుగునాట ఒక పెద్ద పంచాయతీ జనాభాతో సమానం. ఈ జనాభాలో ఎక్కువమంది కోరోర్ పట్టణంలోనూ దాని పరిసరాలలోనూ నివసిస్తారు. గనులు గానీ, చెప్పుకోదగిన పరిశ్రమలు గానీ లేని ఈ దేశానికి అమెరికా ఆర్థిక సహాయం తరువాత ముఖ్యమైన ఆదాయ వనరు పర్యాటకం. ఆ పర్యాటకానికి మూలం నీటి అడుగున ఉన్నది. పగడపు దిబ్బలను, సొరచేపలను, మునిగిన ఓడలను చూడటానికి స్కూబా డైవర్లు ప్రపంచం నలుమూలల నుండి ఇక్కడికి వస్తారు.

బ్రతికి ఉన్న చేప విలువ ఎక్కువా, పట్టి అమ్మిన చేప విలువ ఎక్కువా అన్న ప్రశ్నకు ఒక దేశం లెక్కలు వేసి, ఆ లెక్కలను ఆధారం చేసుకొని చట్టాలు చేసిన సందర్భాలలో పలావు ప్రముఖమైనది. అందువలన తీరప్రాంత ప్రజలకు డైవింగ్ వలన కలిగే లాభనష్టాల గురించి జరిగే చర్చలలో ఈ దేశం పేరు తరచుగా వినబడుతుంది.

స్కూబా డైవింగ్

నీటి అడుగున శ్వాసించడానికి కావలసిన గాలిని డైవరు తన వీపుపై సిలిండరులో మోసుకొని పోయే పద్ధతిని స్కూబా అంటారు. పైనున్న పడవతో గొట్టపు సంబంధం అవసరం లేకపోవడమే దీని ప్రత్యేకత. 1943లో ఫ్రాన్సు దేశానికి చెందిన జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి రూపొందించిన "ఆక్వాలంగ్" అనే పరికరంతో ఈ విధానం సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. వినోదం కోసం చేసే డైవింగులో సాధారణంగా 40 మీటర్ల లోతుకు మించి వెళ్ళరు. ప్రాథమిక శిక్షణ మాత్రమే పొందినవారి పరిమితి 18 మీటర్లు.

ఒత్తిడితో కూడిన గాలిని పీల్చినప్పుడు నత్రజని రక్తంలోనూ కణజాలంలోనూ కరుగుతుంది. అది పూర్తిగా బయటికి పోకముందే విమానం ఎక్కితే, అక్కడి తక్కువ ఒత్తిడి వలన బుడగలుగా మారి ప్రాణాపాయం కలిగించవచ్చును. కనుక చాలా రోజులు వరుసగా డైవింగ్ చేసినవారు చివరి డైవ్ తరువాత కనీసం 18 గంటలు ఆగవలెనని సూచిస్తారు. ఈ నియమానికి ఆర్థిక ఫలితం కూడా ఉన్నది. డైవింగ్ పర్యాటకుడు తన చివరి రోజును తప్పనిసరిగా నీటిపైనే గడపవలసి వస్తుంది. ఆ రోజు అద్దెకారుకు, భోజనశాలకు, ఊళ్ళోని దుకాణాలకు కలిసివస్తుంది.

భారతదేశంలో అండమాన్ దీవులు, లక్షద్వీపాలు, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి, పుదుచ్చేరి స్కూబా డైవింగుకు పేరొందాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో విశాఖపట్నం వద్ద ఋషికొండ తీరంలో చిన్న స్థాయిలో ఈ క్రీడ జరుగుతున్నది.

ప్రధాన డైవింగ్ స్థలాలు

పలావులోని డైవింగ్ స్థలాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది బ్లూ కార్నర్. కోరోర్ నుండి మరపడవపై సుమారు గంట ప్రయాణం. ఇక్కడ పగడపు దిబ్బ సముద్రంలోకి మూలలాగా పొడుచుకొని వచ్చి, ఒక్కసారిగా అగాధంలోకి గోడలా దిగిపోతుంది. ఆటుపోట్ల ప్రవాహం ఈ గోడకు తగిలి పైకి ఎగదన్నుతుంది. ఆ ప్రవాహంతో వచ్చే ఆహారం కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు, వాటి వెనుక బూడిదరంగు సొరచేపలు గుమికూడుతాయి. ప్రవాహంలో కొట్టుకుపోకుండా డైవర్లు దిబ్బపై జీవంలేని రాతికి ఒక చిన్న కొక్కెం తగిలించి, దానికి కట్టిన త్రాడు ఆధారంగా గాలిపటంలా నీటిలో తేలుతూ ఈ దృశ్యాన్ని చూస్తారు. ఈ కొక్కెం వాడకం పలావు డైవింగుకు ఒక గుర్తుగా మారింది.

జర్మన్ చానల్ అనే కాలువ మాంటా అనే బ్రహ్మాండమైన చదునైన చేపలకు ప్రసిద్ధి. పలావు జర్మనీ పాలనలో (1899–1914) ఉన్నప్పుడు అంగౌర్ దీవి నుండి ఫాస్ఫేటు తీసుకుపోవడానికి ఈ కాలువను పగడపు దిబ్బలో త్రవ్వారు. తరువాత వచ్చిన జపాను పాలన మరొక రకమైన ఆకర్షణను మిగిల్చింది. 1944 మార్చి 30, 31 తేదీలలో అమెరికా విమానాలు జరిపిన దాడిలో మునిగిన జపాను ఓడలు నేటికీ లగూన్ అడుగున ఉన్నాయి. వాటిని చూడటానికి ప్రత్యేకంగా వచ్చేవారు ఉన్నారు.

రాక్ ఐలాండ్స్ అనబడే సున్నపురాతి దీవుల సముదాయాన్ని, దాని చుట్టూ ఉన్న లగూన్‌ను 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఈ దీవులలో ఒకదానిపైనున్న జెల్లీఫిష్ లేక్ అనే ఉప్పునీటి సరస్సులో కుట్టినా బాధ తెలియనంత సాధువులైన బంగారువర్ణపు జెల్లీ చేపలు లక్షల సంఖ్యలో ఉంటాయి. ఇవి ప్రతిదినం సూర్యుని గమనాన్ని అనుసరించి సరస్సులో వలసపోతాయి. ఇక్కడ ఈత మాత్రమే కొట్టవచ్చును. సరస్సు లోతుపొరలలో విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండటం వలన, డైవర్లు విడిచే బుడగలు జెల్లీ చేపలకు హాని చేస్తాయి కనుక స్కూబాను నిషేధించారు.

సొరచేప ఖరీదు

సజీవమైన సొరచేపకు వెల కట్టే ప్రయత్నం మొదట మాల్దీవులలో జరిగింది. 1993లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, పేరుపొందిన ఒక డైవింగ్ స్థలం వద్ద బ్రతికి ఉన్న ఒక సొరచేప ఏడాదికి 33,500 డాలర్ల ఆదాయానికి కారణమవుతున్నది. అదే చేపను పట్టి అమ్మిన జాలరికి దక్కేది 32 డాలర్లు. 2010లో మాల్దీవులు సొరచేపల వేటను పూర్తిగా నిషేధించాయి.

పలావులో ఇటువంటి లెక్కను ఇంకా విస్తృతంగా వేశారు. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు వెలువరించిన అధ్యయనం కోసం డైవర్లను, డైవింగ్ వ్యాపారులను, స్థానిక జాలరులను ప్రశ్నించి వివరాలు సేకరించారు. పలావుకు వచ్చే డైవర్లలో 21 శాతం మంది, అనగా ఏడాదికి సుమారు 8,600 మంది, ప్రధానంగా సొరచేపల కోసమే ఈ దేశాన్ని ఎంచుకొన్నారని తేలింది. వీరి వలన దేశానికి ఏటా 1.8 కోట్ల డాలర్లు వస్తున్నట్లు అంచనా వేశారు. ఇది దేశ స్థూల ఉత్పత్తిలో దాదాపు 8 శాతం. ముఖ్యమైన డైవింగ్ స్థలాలలో తిరిగే సొరచేపలు సుమారు వంద మాత్రమే. ఆ విధంగా ఒక్కొక్క చేపకు ఏడాదికి 1,79,000 డాలర్లు, దాని జీవితకాలానికి 19 లక్షల డాలర్లు విలువ వచ్చింది. అదే వంద చేపలనూ పట్టి అమ్మితే వచ్చేది 10,800 డాలర్లు, అది కూడా ఒక్కసారి మాత్రమే.

"19 లక్షల డాలర్ల సొరచేప" అనే మాట పత్రికలలో విరివిగా ప్రచారమైంది. అయితే ఈ సంఖ్యను అర్థం చేసుకొనడంలో కొంత జాగ్రత్త అవసరం. ఇది మొత్తం ఆదాయాన్ని చేపల సంఖ్యతో భాగించగా వచ్చిన సగటు. ఒక చేప చనిపోయినంత మాత్రాన ఆ ఏడాది దేశానికి 1,79,000 డాలర్లు తగ్గిపోవు. మిగిలిన తొంభైతొమ్మిదిని చూడటానికి డైవర్లు వస్తూనే ఉంటారు. కానీ చేపలు ఒక్కొక్కటిగా తగ్గుతూ పోయి, "పలావులో ఇప్పుడు సొరచేపలు కనబడటం లేదట" అన్న మాట డైవర్లలో వ్యాపించిన దినాన ఆ ఆదాయం క్రమంగా కాక ఒక్కసారిగా పడిపోగలదు. సొరచేపలు ఆలస్యంగా యుక్తవయస్సుకు వచ్చి, కొద్ది పిల్లలను మాత్రమే కంటాయి కనుక పోయిన సంఖ్య తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

ఆదాయం ఎవరికి చేరుతుంది

తీరవాసులకు సంబంధించినంత వరకు పై లెక్క కంటే ముఖ్యమైనది ఈ సొమ్ము పంపకం. అదే అధ్యయనం ప్రకారం 1.8 కోట్ల డాలర్లలో స్థానికులకు జీతాల రూపంలో చేరేది ఏటా 12 లక్షల డాలర్లు. పన్నుల రూపంలో ప్రభుత్వానికి చేరేది 15 లక్షలు. ఇది వ్యాపారపన్ను రాబడిలో 14 శాతం. ఈ రెండూ కలిపినా మొత్తంలో ఏడో వంతుకు కాస్త మించుతుంది. మిగిలినది హోటళ్ళకు, పడవల నిర్వహణకు, ఇంధనానికి, వ్యాపారుల లాభాలకు పోతుంది. ఇంధనం, డైవింగ్ పరికరాలు, ఆహారపదార్థాలలో అధికభాగం విదేశాల నుండి దిగుమతి అయ్యేవే కావున ఆ ఖర్చులో చాలాభాగం దేశంలో నిలువదు. హోటళ్ళలోనూ పడవలలోనూ పనిచేసేవారిలో కూడా ఫిలిప్పీన్స్ తదితర దేశాలవారు గణనీయంగా ఉన్నారు.

జాలరుల విషయం కొంత భిన్నమైనది. సొరచేపలను చూడటానికి వచ్చినవారు భోజనశాలలలో చేపలు తింటారు. ఆ చేపలను అమ్మడం ద్వారా స్థానిక జాలరులకు వచ్చే ఆదాయం, సొరచేపలను పట్టితే వచ్చేదానికంటే ఎక్కువ అని అధ్యయనకర్తలు చూపారు. అనగా సొరచేపను వదలివేయడం వలన జాలరికి నేరుగా నష్టం లేదు. పలావువాసులలో సొరచేపల వేట సంప్రదాయంగా ముఖ్యమైన వృత్తి కాదు. వేటాడినది ప్రధానంగా విదేశీ నౌకలు. నిషేధానికి స్థానికంగా బలమైన వ్యతిరేకత లేకపోవడానికి ఇది ఒక కారణంగా భావించవచ్చును. సొరచేపల వేటే జీవనాధారమైన ఇతర తీరాలకు పలావు అనుభవాన్ని యథాతథంగా అన్వయించడం అంత సులభం కాదు.

బుల్ ఆచారం, ఆధునిక చట్టాలు

సముద్రంలో కొన్ని చోట్ల కొంతకాలం వేట మానడం పలావు ప్రజలకు కొత్త విషయం కాదు. గ్రామపెద్దల సభ ఒక దిబ్బనో, కాలువనో పేర్కొని అక్కడ వేటను నిషేధించే సంప్రదాయం పూర్వం నుండి ఉన్నది. దీనిని బుల్ అంటారు. చేపలు గుడ్లు పెట్టే ఋతువులో ఈ నిషేధం ముఖ్యంగా అమలయ్యేది. ఏ చేప ఏ నెలలో, చంద్రుని ఏ దశలో, ఏ కాలువ వద్ద గుడ్లు పెట్టడానికి చేరుతుందో ముసలి జాలరులకు కచ్చితంగా తెలుసు. రాబర్ట్ యోహానెస్ అనే జీవశాస్త్రవేత్త ఈ జ్ఞానాన్ని వారి వద్ద నేర్చుకొని 1981లో ఒక గ్రంథంగా ప్రచురించాడు. శాస్త్రవేత్తలు అప్పటికి గమనించని విషయాలు అందులో అనేకం ఉన్నాయి.

1994 అక్టోబరు 1న స్వతంత్రమైన పలావు, అదే సంవత్సరం సముద్రజీవుల రక్షణకు ఒక చట్టం చేసింది. 2003లో రక్షిత ప్రాంతాల వలయాన్ని ఏర్పరచే చట్టం వచ్చింది. దీని ప్రకారం దేశంలోని 16 రాష్ట్రాలు తమ తీరంలోని భాగాలను రక్షిత ప్రాంతాలుగా నమోదు చేస్తే, నిర్వహణకు జాతీయ నిధి నుండి సొమ్ము అందుతుంది. 2009 సెప్టెంబరులో అప్పటి అధ్యక్షుడు జాన్సన్ తొరిబియోంగ్ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో ప్రసంగిస్తూ తమ సముద్రజలాలన్నిటినీ సొరచేపల అభయారణ్యంగా ప్రకటించాడు. ఒక దేశం మొత్తం జలాలను ఇట్లు ప్రకటించడం ప్రపంచంలో ఇదే మొదటిసారి. 2015 అక్టోబరులో అధ్యక్షుడు టామీ రెమెంగెసావ్ సంతకం చేసిన చట్టం మరింత ముందుకు పోయి, దేశ ప్రత్యేక ఆర్థిక మండలంలో 80 శాతాన్ని అన్ని రకాల వాణిజ్య వేటకూ మూసివేసింది. ఇది 2020 జనవరి 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చింది.

చట్టం చేయడం ఒక ఎత్తు, కాపలా మరొక ఎత్తు. అభయారణ్యం విస్తీర్ణం సుమారు ఆరు లక్షల చదరపు కిలోమీటర్లు. అనగా ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినదానికి రెట్టింపు కంటే ఎక్కువ. 2009లో ఇంత సముద్రాన్ని కాయడానికి ఉన్నది ఆస్ట్రేలియా ఇచ్చిన ఒకే ఒక గస్తీ నౌక. అక్రమంగా వేటాడుతూ పట్టుబడిన వియత్నాం పడవలను 2015 జూన్‌లో నడిసముద్రంలో బహిరంగంగా తగులబెట్టారు. పట్టుకొన్నవారికి చెప్పే పాఠం కంటే పట్టుబడనివారికి చేసే హెచ్చరికగానే దానిని తలపెట్టినట్లు కనిపిస్తుంది.

రుసుములు

డైవరు ఖర్చుచేసే సొమ్ములో కొంత నేరుగా సముద్ర రక్షణకు చేరేటట్లు పలావు పలు రుసుములు విధించింది. రాక్ ఐలాండ్స్‌లో తిరగడానికి కోరోర్ రాష్ట్ర ప్రభుత్వం అనుమతిపత్రం ఇస్తుంది. 2010ల దశకంలో పది రోజుల పత్రానికి 50 డాలర్లు, జెల్లీఫిష్ లేక్ కూడా చూడాలంటే 100 డాలర్లు వసూలు చేసేవారు. ఈ సొమ్ముతో రేంజర్ల జీతాలు, లంగరు వేయకుండా పడవలు కట్టుకొనే బోయాల నిర్వహణ సాగుతాయి. పేరున్న స్థలాలలో అధికభాగం కోరోర్ రాష్ట్ర పరిధిలోనే ఉండటం వలన ఈ రాబడి మిగిలిన రాష్ట్రాలకు అందదు.

ఈ లోటును కొంతవరకు పూడ్చేది జాతీయ రుసుము. 2009లో దేశం విడిచి వెళ్ళే పర్యాటకుల నుండి 15 డాలర్ల "హరిత రుసుము" వసూలు చేయడం మొదలుపెట్టారు. తరువాత దానిని పెంచారు. 2018 జనవరి నుండి దీని స్థానంలో 100 డాలర్ల పర్యావరణ రుసుమును విమాన టికెట్టులోనే కలిపారు. పలావు పౌరులకు ఇది వర్తించదు. ఇందులో ఒక భాగం రక్షిత ప్రాంతాల నిధికి, మరొక భాగం రాష్ట్రాలకు పోతుంది. డైవర్లు ఎన్నడూ అడుగుపెట్టని గ్రామానికి కూడా డైవింగ్ ఆదాయంలో వాటా లభించే మార్గం ఇదొక్కటే అనవచ్చును.

2017 డిసెంబరు నుండి దేశంలోకి వచ్చే ప్రతి పర్యాటకుని పాస్‌పోర్టుపై ఒక ప్రతిజ్ఞను ముద్రిస్తున్నారు. పలావు బాలలను ఉద్దేశించి, వారి ద్వీపాలకు హాని చేయనని వాగ్దానం చేస్తూ పర్యాటకుడు దానిపై సంతకం చేయవలెను. పగడాలకు హానికరమైన రసాయనాలు గల సన్‌స్క్రీన్ లేపనాలను 2020 జనవరి 1 నుండి నిషేధించారు.

సముద్రంపై భారం

పర్యాటకం రక్షణకు డబ్బు తెచ్చినట్లే, రక్షించవలసినదానిపై బరువు కూడా మోపుతుంది. అనుభవం లేని డైవరు కాలితొడుగు తగిలి విరిగిన పగడపు కొమ్మ తిరిగి పెరగడానికి ఏళ్ళు పడుతుంది. అంతకంటే పెద్ద సమస్య పర్యాటకుల భోజనం. పగడపు దిబ్బల చేపలకు గిరాకీ పెరిగినకొద్దీ, వాటినే నమ్ముకొన్న స్థానిక కుటుంబాలకు చేప ప్రియమవుతుంది, దిబ్బపై వేట పెరుగుతుంది. డైవర్లు చూడవచ్చిన చేపల ఆహారమే వారి పళ్ళెంలోకి చేరుతుందన్నమాట. 80 శాతం జలాలను మూసివేసి, మిగిలిన 20 శాతాన్ని దేశీయ వేటకు కేటాయించడంలో ఒక ఉద్దేశం, పర్యాటకులకు దిబ్బ చేపలకు బదులుగా నడిసముద్రపు ట్యూనాను వడ్డించడం. కానీ అంతవరకు కోరోర్ రేవులో సరుకు దింపే విదేశీ పడవల నుండి, ఎగుమతికి పనికిరాని ట్యూనా స్థానిక బజారుకు చౌకగా వచ్చేది. ఆ పడవలు పోతే దిబ్బలపైనే ఒత్తిడి పెరుగుతుందనే ఆందోళన వ్యక్తమైంది.

స్థానికుల చేతిలో లేని ప్రమాదాలు కూడా ఉన్నాయి. 1998లో సముద్రజలాలు వేడెక్కినప్పుడు పలావు పగడాలలో సుమారు మూడో వంతు చనిపోయాయి. 2012, 2013లలో వచ్చిన తుఫానులు తూర్పు దిబ్బలను దెబ్బతీశాయి. 2016 నాటి కరవులో జెల్లీఫిష్ లేక్‌లోని జెల్లీ చేపలు దాదాపు అంతరించాయి. అవి తిరిగి పెరిగి సరస్సును పర్యాటకులకు తెరవడానికి 2018 చివరి వరకు ఆగవలసి వచ్చింది.

ఒడిదుడుకులు

2015లో పలావుకు 1,60,000 మందికి పైగా పర్యాటకులు వచ్చారు. అది దేశ జనాభాకు దాదాపు తొమ్మిది రెట్లు. వారిలో సగానికి పైగా చైనావారు. వీరిలో చాలామంది స్కూబా డైవర్లు కారు, నాలుగైదు రోజుల సామూహిక యాత్రలకు వచ్చినవారు. సంఖ్య పెరిగినా సరస్సులు, సముద్రతీరాలు, మంచినీటి సరఫరా తట్టుకోలేకపోయాయి. ఎక్కువమంది కంటే ఎక్కువ ఖర్చుచేసే కొద్దిమంది మేలని ప్రభుత్వం భావించి చైనా నుండి వచ్చే ప్రత్యేక విమానాలను తగ్గించింది. పలావు తైవాన్‌తో దౌత్య సంబంధాలు కలిగి ఉన్నందున 2017 చివరలో చైనా తన యాత్రాసంస్థలు ఆ దేశానికి యాత్రలు నడపకుండా కట్టడి చేసింది. 2018లో ఆ మార్గంలో నడిచే ఒక విమానసంస్థ మూతపడింది.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా సరిహద్దులు మూసివేయడంతో పర్యాటకం పూర్తిగా ఆగిపోయింది. చాలాకాలం వరకు ఒక్క కోవిడ్ కేసూ నమోదు కాని దేశాలలో పలావు ఒకటి. అయినా డైవింగ్ పడవలు రేవుకే పరిమితమయ్యాయి, గైడ్లు పని కోల్పోయారు. అమెరికా ప్రకటించిన నిరుద్యోగ సహాయం ఒప్పందం ప్రకారం పలావుకు కూడా వర్తించడం వారికి ఊరట కలిగించింది. 2021 ఏప్రిల్‌లో తైవాన్‌తో పరిమిత ప్రయాణ మార్గాన్ని తెరిచారు. ఆ తరువాత డైవర్లు క్రమంగా తిరిగి వస్తున్నారు గానీ, 2024 నాటికి కూడా పర్యాటకుల సంఖ్య 2015 నాటి స్థాయిని చేరుకోలేదు.